గెలుపు గుఱ్ఱమును ముందుగా చెప్పుట

ఎన్నికలు వచ్చినపుడెల్ల మన వార్తాపత్రికలలో "గెలుపు గుఱ్ఱములు" అను మాట కానవచ్చుచుండును. ఏ అభ్యర్థి నెగ్గునో ముందుగా గుర్తించి వానికే టిక్కెట్టు ఇచ్చెదరని దాని భావము. ఈ మాట పందెపు మైదానము నుండి రాజకీయములలోనికి వచ్చినది. కాని నిజమైన గుఱ్ఱపు పందెములలో గెలుపు గుఱ్ఱమును ముందుగా చెప్పువారు దేనిని చూచి చెప్పుచున్నారు? వారి మాటలో శాస్త్రమెంత, ఊహ యెంత? వారి మాట సరియైనదే యనుకొన్నను, దానిని నమ్మి ధనమొడ్డిన గృహస్థునకు లాభము కలుగునా? ఈ మూడు ప్రశ్నలను వేర్వేరుగా విచారించుట మంచిదని మా అభిప్రాయము. ఏలననగా, ఈ మూడింటిని ఒకటిగా కలిపివేయుట వలననే పెక్కు ఇండ్లలో నెల జీతము మొదటి వారముననే మాయమగుచున్నది.

మన ప్రాంతమున ఈ క్రీడ క్రొత్తది కాదు. హైదరాబాదు సంస్థానమున 1868లో మౌలాలీ వద్ద పందెములు ఆరంభమైనవి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలమున, 1886లో, అవి మలక్‌పేటకు మారినవి. మలక్‌పేటలో వర్షకాలమున ఒకటి, శీతకాలమున ఒకటిగా రెండు సీజనులు జరుగుట వాడుక. పందెముల దినమున పత్రికలలో ఒక మూల చిన్న అక్షరములతో నొక పట్టిక కనబడును. పందెమెన్ని మీటర్లు, పాల్గొను గుఱ్ఱముల పేర్లేవి, శిక్షకుడెవరు, జాకీ యెవరు, మోయవలసిన బరువెంత, నిలువవలసిన గేటు సంఖ్య యేది అను వివరములు అందుండును. ప్రతి పందెము క్రిందను ఒకటి, రెండు, మూడు అని మూడు పేర్లు వ్రాయుదురు. దినమంతటిలో మిక్కిలి నమ్మదగినదని తోచిన గుఱ్ఱమును ఆనాటి మేటిగా చివర పేర్కొందురు. పరిచయము లేనివారికి ఈ పట్టిక రైళ్ళ కాలపట్టిక వలె నిస్సారముగా తోచును. చదువ నేర్చినవారికి అందొక వాదము, ప్రతివాదము వినబడును.

ఆ వాదమంతయు బరువుతో మొదలగును. పందెములలో అధికభాగము హ్యాండిక్యాపు పందెములు. హ్యాండిక్యాపరు అను అధికారి ప్రతి గుఱ్ఱము యొక్క వెనుకటి పరుగులను పరిశీలించి దాని శక్తికొక అంకె నిచ్చును. దీనినే రేటింగు అందురు. మన దేశమున రేటింగులో ఒక్కొక్క అంకెకు అరకిలో చొప్పున బరువులో తేడా కల్పింతురు. రేటింగు 60 గల గుఱ్ఱము 60 కిలోలు మోయవలసివచ్చినచో, దానితోనే పరుగెత్తు 40 రేటింగు గుఱ్ఱము 50 కిలోలే మోయును. ఈ బరువులో జాకీయు, జీనును చేరియుండును. చాలనిచో సీసపు బిళ్ళలు చేర్చి సరిచేయుదురు. పందెమునకు ముందు జాకీని తూచుదురు. గెలుపొందిన పిదప మరల తూచుదురు.

హ్యాండిక్యాపరు కోరుకొనునది యొక్కటే: బలమైనదియు బలహీనమైనదియు ఒకే క్షణమున గమ్యమును చేరవలెను. ఇంగ్లండులో 19వ శతాబ్ది మధ్యమున అడ్మిరల్ రౌస్ అను నాతడు వయస్సును బట్టి గుఱ్ఱములకు బరువులు నిర్ణయించు లెక్కలను తీర్చిదిద్ది ఈ విద్యకొక పద్ధతిని కల్పించెను. దీనిని గ్రహించినచో ఒక విషయము బోధపడును. పందెమును ముందుగా పరిశీలించి వ్రాయువాడు హ్యాండిక్యాపరుకు ప్రతివాది. ఒకడు అన్నిటిని సమానము చేయజూచుచుండగా, రెండవవాడు ఆ సమానత్వమున ఎక్కడ లోపమున్నదో వెదకుచుండును. ఆ లోపమే వాని జీవనాధారము.

బరువు చేయు పనికి ఫార్ లాప్ అను గుఱ్ఱము కథ ప్రసిద్ధమైన నిదర్శనము. ఆస్ట్రేలియాలో జరుగు మెల్బోర్న్ కప్పు పందెమును అది 1930లో సుమారు 62.5 కిలోలు మోసి గెలిచినది. మరుసటి సంవత్సరము దానిపై 68 కిలోలు ఉంచిరి. జనులు మరల దానినే ఫేవరెట్‌గా నమ్మిరి. అది ఎనిమిదవ స్థానమున వచ్చినది. ఆనాడు గెలిచిన వైట్ నోస్ అను గుఱ్ఱము మోసిన బరువు 44 కిలోలకు లోపే. రెండు సంవత్సరములలోను గుఱ్ఱమొక్కటే, మైదానమొక్కటే. దాని కీర్తిని చూచినవారు ఓడిరి. దాని వీపుపైనున్న బరువును చూచినవారు కొంత సందేహించియుందురు.

బరువు తరువాత చూడవలసినది దూరము. 1200 మీటర్ల పందెము ఒక్క నిమిషము, పదునైదు సెకనుల లోపల ముగియు వేగపు పోటీ. 2400 మీటర్లది ఓర్పునకు పరీక్ష. ముంబయి మహాలక్ష్మి మైదానమున 1943 నుండి జరుగుచున్న ఇండియన్ డెర్బీ ఈ 2400 మీటర్ల పందెమే. అందు పాల్గొనునవి నాలుగేండ్ల గుఱ్ఱములు. అవి అంతకు పూర్వము అంత దూరము పరుగెత్తిన సందర్భములు తక్కువ. కావున పరిశీలకుడు తల్లిదండ్రుల వంశమును తిరుగవేసి చూచును. 1600 మీటర్ల పందెమున గెలిచిన గుఱ్ఱము చివర అలసి గెలిచినదా, లేక ఇంకను పరుగు మిగిలియుండగా గెలిచినదా అని విచారించును. వెనుకటి పందెమున నాలుగవదిగా వచ్చినను చివరి 200 మీటర్లలో ముందున్న వానిని వేగముగా సమీపించిన గుఱ్ఱము, దూరము పెరిగినప్పుడు మొదటిది కావచ్చును. ఫలితముల పట్టికలో నాలుగు అను అంకె మాత్రమే యుండును. ఆ అంకె ఎట్లు వచ్చినదో చూచినవానికే విలువ.

మూడవది నేల. ఎండిన పచ్చికపై చురుకుగా సాగు గుఱ్ఱము వానకు మెత్తబడిన నేలపై కాలుసాగక నిలిచిపోవును. మరియొకటి బురదలోనే రాణించును. మైదానపు గట్టిదనమును కొలుచుటకు నేలలోనికి దిగు కొలమాని నుపయోగించి ఆ అంకెను ప్రకటింతురు. మన వర్షకాలపు సీజనులో రాత్రి కురిసిన ఒక జల్లు, పగలంతయు కూర్చుండి వ్రాసిన అంచనాను తుడిచివేయగలదు.

నాలుగవది ఉదయపు సాధన. పందెమునకు ముందు దినములలో సూర్యోదయవేళ గుఱ్ఱములను ఇసుక బాటపై పరుగెత్తించి, 600 మీటర్లు ఎన్ని సెకనులలో, 1000 మీటర్లు ఎంత కాలములో దాటినవో చేతి గడియారముతో గుర్తింతురు. పత్రికలలో ఆ కాలము ప్రక్కన సులభముగా సాగినదనియో, జాకీ ప్రోత్సహింపగా సాగినదనియో చిన్న వ్యాఖ్య యుండును. కాలము కంటె ఈ వ్యాఖ్యయే ముఖ్యము. 600 మీటర్లు 39 సెకనులలో కళ్ళెము బిగించి యుండగా సాగిన గుఱ్ఱము, కొట్టి తోలగా 38 సెకనులలో సాగిన దాని కంటె మేలు.

ఇక జాకీ, గేటు సంఖ్య, పరుగు తీరు మిగిలినవి. కొన్ని గుఱ్ఱములు మొదటినుండి ముందుండి పరుగెత్తును. కొన్ని వెనుక నిలిచి చివర దూసుకొనివచ్చును. ముందుండునవి మూడు నాలుగు ఒకే పందెమున చేరినచో అవి యొకదానినొకటి అలయించుకొనును. వెనుకనున్న దానికి మేలగును. ముందుండునది ఒక్కటే యైనచో అది తన యిష్టము వచ్చినట్లు మెల్లగా నడపుకొని, చివర శక్తి మిగుల్చుకొని తప్పించుకొనిపోవును. గుఱ్ఱపు నిడివి యనగా సుమారు రెండున్నర మీటర్లు. పూర్తి వేగమున నున్న గుఱ్ఱము దానిని దాటుటకు సెకనులో ఆరవ వంతు పట్టును. ఇంత స్వల్పమైన తేడాలతో తేలు పోటీలో మలుపు వద్ద వెలుపలి వైపునకు తోలబడి నాలుగడుగులు అధికముగా పరుగెత్తుటయే ఓటమికి చాలును.

చివరి సాక్ష్యము గుఱ్ఱమే. పందెమునకు ముందు ప్యాడక్ అను ఆవరణలో గుఱ్ఱములను నడిపింతురు. అనుభవజ్ఞులు అక్కడ నిలిచి నడకను, కంటి చురుకును, వెండ్రుకల నిగనిగను, అకారణముగా పట్టిన చెమటను గమనింతురు. మహాభారతములోని నలోపాఖ్యానమున ఇట్టి ఘట్టమొకటి గలదు. బాహుకుడను పేర అజ్ఞాతముగానున్న నలుడు ఋతుపర్ణ మహారాజును ఒక్క దినములో విదర్భకు చేర్పవలసివచ్చినది. అశ్వశాలలో ఆతడు ఎన్నుకొన్నవి బక్కచిక్కిన గుఱ్ఱములు. ఇవి మనలను మోయగలవా యని రాజు శంకించెను. దారిలో రాజుగారి ఉత్తరీయము జారిపడి, రథము నాపుమని ఆయన చెప్పునప్పటికే అది ఆమడ దూరము వెనుక నుండిపోయినది. బలిసిన గుఱ్ఱము వేఱు, పరుగుకు సిద్ధమైన గుఱ్ఱము వేఱు అను సంగతి మనవారెఱిగినదే.

ఈ సాక్ష్యములన్నిటిని కలిపి తీర్పు చెప్పుట ఎట్లో ఒక కల్పిత పందెమున చూతము. దూరము 1400 మీటర్లు. క్రిందటి రాత్రి వాన కురిసినది. పోటీదారులలో నాలుగు ముఖ్యమైనవి. "క" అను గుఱ్ఱము వెనుకటి 1200 మీటర్ల పందెమున ముందుండి పరుగెత్తి గెలిచినది. అందుచే దాని బరువు ఇప్పుడు 4 కిలోలు పెరిగినది. "చ" అనునది అదే పందెమున రెండవది; చివర "క"ను వేగముగా తరుముకొనివచ్చినది; దాని బరువు పెరుగలేదు. "ట" అనునది పైతరగతి నుండి దిగివచ్చినది, కాని ఆరు మాసములుగా పందెమున దిగలేదు. "త" అనునది తక్కువ బరువు గలది. తడి నేలపై లోగడ రెండు మారులు గెలిచినది. కాని దానికి వెలుపలి అంచు గేటు వచ్చినది.

దూరము పెరుగుట "చ"కు మేలు; బరువులో తేడాయు దానికే అనుకూలము. కావున చ, క, త అని వరుసగా వ్రాయుదుము. "ట" ఉదయపు సాధనలో బాగుగా సాగిన యెడల దానినిగూర్చి హెచ్చరింతుము. ఇందు దైవజ్ఞత ఏదియు లేదు. న్యాయస్థానమున సాక్ష్యములు తూచినట్లే తూచితిమి. కాని "చ" గెలుచుననుటలో మా అభిప్రాయమేమి? ఇట్టి పందెము నూరు మారులు జరిగినచో "చ" బహుశః 35 మారులు గెలుచును. మిగిలినవి ఒక్కొక్కటి అంతకంటె తక్కువ మారులు గెలుచును. అనగా మొదటి పేరుగా వ్రాసిన గుఱ్ఱము 65 మారులు ఓడును. ఓడినను దానిని మొదట వ్రాయుట తప్పు కాదు. ఇదే సామాన్య పాఠకునకు దురవగాహమైన విషయము. "అధికావకాశము గలది" అను మాటను ఆతడు "తప్పక గెలుచునది" అని చదువుకొనును.

దేశదేశముల అనుభవమును ఇట్లే యున్నది. జనులందరును ఎక్కువగా ధనము కాసిన ఫేవరెట్ గుఱ్ఱము దీర్ఘకాలపు లెక్కలలో సుమారు మూడు పందెములలో ఒకటి గెలుచుచున్నది. రెండింట ఓడుచున్నది. ఒక్కొక్కప్పుడు సాక్ష్యములన్నియు వ్యర్థమగును. 1967లో ఇంగ్లండులో జరిగిన గ్రాండ్ నేషనల్ అను కంచెలు దూకు పందెమున, ఇరువదిమూడవ కంచె వద్ద జాకీని పోగొట్టుకొన్న ఒక గుఱ్ఱము అడ్డము తిరుగగా వెనుకవచ్చు గుఱ్ఱములన్నియు చిక్కుపడి నిలిచిపోయినవి. చాల వెనుకబడియున్న ఫోయినావన్ అను గుఱ్ఱము ఆ సందడిని తప్పించుకొని యొక్కటే ముందుకు సాగి గెలిచినది. దాని వెల ఒకటికి నూరు. ఏ పరిశీలకుడు దానిని మొదట వ్రాసియుండును?

ఇక మూడవ ప్రశ్న. గుఱ్ఱపు పందెము ప్రధానముగా నైపుణ్యముతో కూడిన క్రీడయని మన సుప్రీంకోర్టు 1996లో, మద్రాసు రేసు క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యమున తీర్పు చెప్పెను. ఇంతవరకు వివరించిన పరిశీలనను గమనించినవారికి ఆ తీర్పు ఆశ్చర్యము కలిగింపదు. కాని నైపుణ్యము కలదనుట వేఱు, లాభము కలదనుట వేఱు. టోట్ పద్ధతిలో పందెము కాసినవారి ధనమంతయు ఒక రాశిగా చేర్చి, ఖర్చులును పన్నులును తీసివేసి, మిగిలినది గెలిచిన గుఱ్ఱముపై కాసినవారికి పంచిపెట్టుదురు. ఒక పందెమున మొత్తము 100 రూపాయలు చేరినవనియు, అందు 20 రూపాయలు తీసివేయుదురనియు అనుకొందము. ఫేవరెట్‌పై 50 రూపాయలు కాసిరి. అది గెలిచినచో మిగిలిన 80 రూపాయలను ఆ 50కి పంచవలెను. రూపాయికి 1 రూపాయి 60 పైసలు వచ్చును.

ఆ గుఱ్ఱము నిజముగానే రెండింట ఒకటి గెలుచునదనుకొందము. నూరు మారులు ఒక్కొక్క రూపాయి కాసినవానికి 50 మారులు 1 రూపాయి 60 పైసల చొప్పున 80 రూపాయలు చేతికి వచ్చును. 20 రూపాయలు నష్టము. ఆతడు జనులకంటె తెలివిగా ఎన్నుకొని 60 మారులు గెలిచినను వచ్చునది 96 రూపాయలే. 63 మారులు గెలిచిననాడు గాని పెట్టిన మొదలు తిరిగి రాదు. అనగా గెలుపు గుఱ్ఱమును చెప్పగలిగినంత మాత్రమున చాలదు. మైదానముననున్న జనులందరికంటె, ఆ తీసివేతను పూడ్చునంత ఎక్కువగా తెలిసియుండవలెను. మేము తీసికొన్న 20 రూపాయలు ఉదాహరణకు మాత్రమే. 2025 సెప్టెంబరు 22 నుండి మన దేశమున గుఱ్ఱపు పందెములపై జి.ఎస్.టి. 40 శాతముగా నిర్ణయింపబడినదని గుర్తుంచుకొన్నచో ఈ లెక్క యెంత కఠినమో తెలియును.

ఇంకొక ప్రమాదము కలదు. "లోపలి కబురు" తెచ్చితిమని చెవిలో గుసగుసలాడువారు మైదానము చుట్టును తిరుగుచుందురు. కద్రువ వినతల కథను మన తల్లులెందరో చెప్పియున్నారు. ఉచ్చైశ్శ్రవముపై వేసిన ఆ పందెమున కద్రువ తన కుమారులైన పాములను దాని తోకకు వ్రేలాడజేసి నల్లగా కనబడజేసినది; వినత దాసి యయ్యెను. మోసమును అరికట్టుటకే స్టీవార్డులు విచారణలు జరుపుదురు. గుఱ్ఱముల రక్తమూత్రములను మందులకై పరీక్షింపింతురు. నిజముగా లోపలి కబురు తెలిసినవాడు దానిని నలుగురికి అమ్ముకొని తన లాభమునకే గండికొట్టుకొనునా యని ప్రశ్నించుకొన్నచో ఆ గుసగుసలకు విలువ యుండదు.

అయినచో ఈ అంచనాలను చదువుట దండుగయా? కాదని మేము గట్టిగా చెప్పుచున్నాము. ముఖ్యముగా రేడియో కలవారికి ఇవి కన్నులవంటివి. బి.బి.సి. 1927లో గ్రాండ్ నేషనల్ పందెమును మొదటిసారి వ్యాఖ్యానముతో వినిపించినది మొదలు, ఎక్కడో పరుగెత్తు గుఱ్ఱములను ఇంటిలో కూర్చుండి వినుట యొక వినోదమైనది. వ్యాఖ్యాత జాకీల చొక్కాల రంగులను కంఠస్థము చేసికొని, గుంపులో నుండి పేర్లను ఏరి చెప్పును. శ్రోతకు ముందుగా ఏమియు తెలియనిచో అవి వట్టి పేర్లు. అంచనాను చదివిన శ్రోత "ముందున్నది క, రెండు నిడివులు" అని వినగానే, బరువు పెరిగిన ఆ గుఱ్ఱము 1400 మీటర్లు నిలువగలదా యని ఆలోచించును. మలుపు తిరుగునప్పుడు "చ" ఎక్కడనున్నదని చెవియొగ్గును. "త" పేరు వినబడకున్నచో వెలుపలి గేటు దెబ్బతీసినదని గ్రహించును. పైసా ఒడ్డకయే ఆతడు ఆ పందెములో పాల్గొన్నవాడగును.

మా సలహా యొకటి కలదు. ఇంటిలో నలుగురును కూర్చుండి ఒక సీజను పొడవునను ప్రతి పందెమునకు తమకు తోచిన పేరును, దాని గెలుపునకు నూటికెన్ని పాళ్ళు అవకాశమో ఆ అంకెను కాగితముపై వ్రాసియుంచవలెను. సీజను చివర, మనము "నూటికి 40" అని వ్రాసిన గుఱ్ఱములలో నిజముగా ఎన్ని గెలిచినవో లెక్కించి చూడవలెను. మన నమ్మకమునకును లోకమునకును గల దూరము ఆ కాగితముపై తేటతెల్లమగును. వానను గూర్చిన సూచనను, ఎన్నికల జోస్యమును చదువునపుడు సైతము ఈ అలవాటు పనికివచ్చును.

నలుని కథలో మరియొక భాగము మిగిలియున్నది. ఆతనికి గుఱ్ఱముల హృదయము సంపూర్ణముగా తెలియును; అయినను జూదమున రాజ్యమును పోగొట్టుకొనెను. ఋతుపర్ణునకు సంఖ్యల హృదయము తెలియును. తాండ్రచెట్టు ఆకులను, కాయలను రథముపై నుండియే లెక్కచెప్పెను. నలుడు ఆ మాటను నమ్మక, రథము దిగి తానే లెక్కించి చూచుకొనెను. సరిగా నున్నదని తేలిన పిమ్మటనే ఆ విద్యను నేర్చుకొనెను. కలి ఆతనిని విడిచిపోయినది అప్పుడే. పందెపు పట్టికను చేతబట్టినవారు గుఱ్ఱమును చూచుటతో ఆగిపోక, రథము దిగి ఆ లెక్కను కూడ ఒకసారి చూచుకొందురు గాక.